ఆశ్రమంలో పదకొండింటి పని: యోగా రిట్రీట్‌లో అసలు పాఠం ఏది?

తిరువనంతపురానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, పశ్చిమ కనుమల దిగువన, నెయ్యార్ జలాశయం ఒడ్డున శివానంద యోగ వేదాంత ధన్వంతరి ఆశ్రమం ఉంది. స్వామి విష్ణుదేవానంద 1978లో దీన్ని నెలకొల్పారు. అక్కడ రోజు తెల్లవారుజామున 5.20కి మోగే గంటతో మొదలవుతుంది. ఆరింటికి సత్సంగం, ఎనిమిదింటికి ఆసనాలు, పదింటికి భోజనం, మధ్యాహ్నం రెండింటికి ఉపన్యాసం, నాలుగింటికి మళ్లీ ఆసనాలు, ఆరింటికి రెండో భోజనం, ఎనిమిదింటికి మళ్లీ సత్సంగం. ఈ వరుసలో ఒక గంటను కావాలనే చెప్పకుండా ఉంచాను. ఉదయం పదకొండింటికి ‘కర్మయోగం’ పేరుతో వచ్చినవారందరికీ తలా ఒక పని అప్పగిస్తారు. అక్కడ గడిపిన రెండు వారాలను తలచుకుంటే ఈ జీవన విధానానికి ప్రాణం ఆ గంటలోనే ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. నగరాల శివార్లలో యోగా రిట్రీట్ పేరుతో వెలుస్తున్న రిసార్టులు చాలావరకు ఆ గంటనే తీసేసి మిగిలినదాన్ని అమ్ముతున్నాయన్నదే నా అభ్యంతరం.

ఆసనాలు నేర్చుకోవడానికి ఈ రోజుల్లో ఊరు దాటి వెళ్లనక్కర్లేదు. 2015 నుంచి ఏటా జూన్ 21న జరుగుతున్న అంతర్జాతీయ యోగా దినోత్సవం వాటిని పాఠశాల మైదానాల దాకా తెచ్చింది. 2025లో విశాఖ సాగరతీరంలో లక్షల మంది ఒకేసారి చాపలు పరిచారు. నెయ్యార్‌లో నేర్పేవి కూడా కపాలభాతి, అనులోమ విలోమం, సూర్య నమస్కారాలు, శీర్షాసనంతో మొదలై త్రికోణాసనంతో ముగిసే పన్నెండు ఆసనాలు, చివర శవాసనం. పక్క వీధి పార్కులోనూ దొరికే వీటి కోసమే అయితే అంత దూరం రైలెక్కడం దండగ. అక్కడ దొరికేదీ మన ఇళ్లలో దొరకనిదీ రోజంతటికీ ఒక కట్టుబాటు. ఏ పూట ఏం తినాలి, ఎప్పుడు పడుకోవాలి, ఇప్పుడు ఏం చేయాలి అన్న నిర్ణయాల బరువు పూర్తిగా దిగిపోతుంది. మూడో నాటికి ఆకలి కూడా గంట చూసుకునే వేస్తుంది.

తెలుగువారికి ఈ కట్టుబాటు కొత్త కాదు. కార్తీక మార్గశిరాల్లో అయ్యప్ప మాల వేసుకున్నవారు 41 రోజుల పాటు తెల్లవారకముందే చన్నీటి స్నానం చేసి, నేల మీద పడుకుని, వేళకు భిక్ష తీసుకుని, నోరు అదుపులో పెట్టుకుని బతుకుతారు. ఆ దీక్ష చేసిన మేలును నేను మా ఇంట్లోనే చూశాను. అయితే ఆ స్వామికి వేళకు భిక్ష అందాలంటే ఇంట్లో ఎవరో ఆయన కంటే ముందు లేచి, తలస్నానం చేసి, మడిగా పొయ్యి వెలిగించాలి. ఒకరి నియమం వెనుక మరొకరి చాకిరీ ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ ‘మరొకరు’ ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే మా బృందంలో రాజమండ్రి దగ్గరి పల్లె నుంచి వచ్చిన టీచరమ్మ నాకు బాగా గుర్తుండిపోయారు. మొదటి రోజు పదింటికి అందరితో పాటు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు గానీ, వడ్డన తన దాకా వచ్చే లోపే రెండుసార్లు లేవబోయారు. ‘ఒకళ్లు వడ్డిస్తుంటే చేతులు కట్టుకు కూర్చోవడం అలవాటు లేదండీ’ అన్నారు తర్వాత. అదే పూట పదకొండింటికి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ బృందాన్ని నడిపే కుర్రాడికి వంటింటి గంగాళాలు వచ్చాయి. అడుగంటిన పప్పును పీచుతో గీకుతూ అతను పడిన అవస్థ చూసి, ముందు నీళ్లు పోసి నానబెట్టమని ఆమే చెప్పారు. నాకు కొబ్బరి ఈనెల చీపురు ఇచ్చి మెట్లు ఊడ్వమన్నారు. ఊడ్చిన మెట్ల మీద గాలికి మళ్లీ ఆకులు రాలి పడేవి. మొదట్లో అది విసుగు పుట్టించింది. వారం గడిచాక, పని పూర్తయిందా లేదా అన్న లెక్కే తోచడం మానేసింది. ఆ మార్పు ఏ ఆసనం వల్లా నాకు రాలేదు.

ఇందులో పెద్ద ఆలోచనే ఉంది. విష్ణుదేవానంద గురువు స్వామి శివానంద సన్యాసానికి ముందు మలయాలో (నేటి మలేసియాలో) వైద్యుడు. రుషికేశ్ చేరాక కూడా రోగులకు మందులిచ్చారు. 1936లో ఆయన స్థాపించిన దివ్య జీవన సంఘం ఆదర్శ వాక్యంలో సేవించు, ప్రేమించు, ధ్యానించు, సాక్షాత్కరించుకో అన్న మాటలు ఆ వరుసలోనే ఉంటాయి. ధ్యానం మూడోది. సేవ మొదటిది. ఇతరుల కోసం ఒళ్లు వంచని మనిషి కళ్లు మూసుకున్నా తన గురించే ఆలోచిస్తాడన్న ఎరుక ఆ వరుసలో ఉందని నేను నమ్ముతాను.

ఇదే సంప్రదాయానికి మరో ముఖం కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి సేవను పొగడటం నిజాయితీ కాదు. విష్ణుదేవానంద 1993లో కన్నుమూశారు. ఆయన తమను లైంగికంగా దోపిడీ చేశారన్న శిష్యురాళ్ల ఆరోపణలు 2019లో బహిరంగంగా రావడం మొదలైంది. సంస్థే నియమించిన స్వతంత్ర న్యాయవాది విచారణ జరిపి, ఆ ఆరోపణలు నిజమై ఉండే అవకాశమే ఎక్కువని 2020లో నివేదించారు. బయటి ప్రపంచంతో సంబంధాలు తగ్గించి, నిర్ణయాలన్నీ మరొకరికి అప్పగించి, జీతం లేకుండా ఏళ్ల తరబడి పనిచేసే చోట గురువు మాటకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో ఊహించవచ్చు. నేను ప్రాణమన్న ఆ సేవ రోజుకు ఒక గంట, అది కూడా తిరిగి వెళ్లే టికెట్ చేతిలో ఉన్నవారు చేసేది. హద్దులేని సేవ, ప్రశ్నకు తావులేని విధేయత దీనికి పూర్తిగా వేరు. రెండింటికీ ఒకే పేరు పెట్టడం వల్లే చాలామందికి అన్యాయం జరిగింది.

ఇక రిసార్టుల సంగతి. హైదరాబాద్‌కు కారులో కొద్ది గంటల దూరంలో ఉన్న అలాంటి ఒక చోట వారాంతం గడిపాను. ఆసనాలు నేర్పిన అమ్మాయి చక్కగా నేర్పింది, అందులో లోటేమీ లేదు. కానీ మేము శవాసనంలో పడుకున్న హాలు వెనుక, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు గొంతుక్కూర్చుని మా కంచాలు తోముతున్నారు. ఆ చప్పుడు వినిపించకూడదని నిర్వాహకులు వేణునాదం పెంచారు. పల్లెకు ప్రశాంతత కోసం వెళ్లి, ఆ పల్లె మనుషులను తెర వెనక్కి పంపే ఏర్పాటు అది. వాళ్లకు పని దొరుకుతోంది కదా అనవచ్చు. దొరకాలి, మంచి కూలీతో దొరకాలి. అతిథులు తమ కంచం తాము కడుక్కుంటే ఆ ఉపాధికి వచ్చే నష్టమేమీ ఉండదు. అందుకే ఎవరైనా నన్ను రిట్రీట్‌కు వెళ్లమంటావా అని అడిగితే, డబ్బు కట్టే ముందు అక్కడ గిన్నెలు ఎవరు తోముతారో కనుక్కోమంటాను.

తిరిగొచ్చాక తెల్లవారుజామున లేవడం నాకు మూడు వారాలు నిలిచింది, శీర్షాసనం ఇంకొంత కాలం. ఇప్పుడు మిగిలింది రాత్రి భోజనాలయ్యాక సింకు ముందు గడిపే అరగంట. ఆ వేళ మా ఆవిడ ముందు గదిలో కూర్చుని పత్రిక చదువుకుంటుంది.