గాల్వే: నాన్ లోకల్ క్యాండిడేట్ల సీటు

ఐర్లాండ్ పడమటి తీరంలో ఉండే గాల్వే టౌన్‌కి 1918 దాకా బ్రిటిష్ పార్లమెంటులో సొంత సీటు ఉండేది. 1885 వరకు ఇద్దరు ఎంపీలు, ఆ తర్వాత ఒక్కరే. ఆ ఒక్క సీటు కథ చూస్తే, అక్కడి జనం నాన్ లోకల్ అని ఎవర్నీ కాదనలేదు, నెత్తిన రుద్దితేనే మండింది అనిపిస్తుంది నాకు.

1885లో, ఐర్లాండ్‌కి స్వపరిపాలన (హోమ్ రూల్) కోరే నేషనలిస్టు పార్టీ మనిషి టీపీ ఓకానర్ రెండు చోట్ల గెలిచి, లివర్‌పూల్ సీటు ఉంచుకుని గాల్వే వదిలేశాడు. 1886 ఫిబ్రవరిలో బై ఎలక్షన్. పార్టీ లీడర్ పార్నెల్ టికెట్ ఎవరికిచ్చాడంటే కెప్టెన్ ఓషేకి, అంటే తనకి సంబంధం ఉన్న కాథరీన్ మొగుడికే, పైగా అతను పార్టీ మాట జవదాటనని ప్రమాణం చెయ్యడానికి కూడా ఒప్పుకోని మనిషి. సొంత పార్టీ ఎంపీలు హీలీ, బిగ్గర్ తిరగబడి లోకల్ మనిషి మైకేల్ లించ్‌ని నిలబెట్టారు. పార్నెల్ స్వయంగా గాల్వేలో దిగాడు. హోమ్ రూల్ చేతికందే టైంలో నన్ను ఓడిస్తారా అని అడిగేసరికి హీలీ మెత్తబడ్డాడు, లించ్ తప్పుకున్నాడు కానీ పేరు మాత్రం బ్యాలెట్‌లో ఉండిపోయింది. ఓషేకి 942, లించ్‌కి 54.

తీరా జూన్ 8న హోమ్ రూల్ బిల్లు ఓటింగ్‌కొస్తే ఓషే ఓటే వెయ్యలేదు! బిల్లు 30 ఓట్లతో పోయింది కాబట్టి అతని ఒక్క ఓటుతో ఒరిగేదేం లేదనుకోండి, కానీ ఎవరి కోసం ఊరంతా తలొంచిందో అతను సీటు కూడా వదిలేసి పోయాడు. తర్వాత పార్నెల్‌తో సంబంధం మీద భార్యపై విడాకుల కేసు వేసిందీ అతనే, 1890లో ఆ తీర్పు దెబ్బకే పార్టీ రెండు ముక్కలైంది. దీన్ని అందరూ లవ్ స్టోరీలా చెప్తారు గానీ నాకైతే ఇది అచ్చంగా టికెట్ల పంచాయితీ.

1900లో ఇంకో వింత, నేషనలిస్టుల సీటులో, బ్రిటన్‌తోనే కలిసుండాలనే యూనియనిస్టు మార్టిన్ మోరిస్ గెలిచాడు. వాళ్ళ నాన్న ఒకప్పుడు అక్కడి ఎంపీనే, లోకల్ ఫ్యామిలీ. నాన్న పోయి లార్డ్ పదవి ఇతనికొచ్చి, పై సభకి వెళ్ళాక 1901లో మళ్ళీ బై ఎలక్షన్. ఈసారి గెలిచింది ఆస్ట్రేలియాలో పుట్టి, దక్షిణాఫ్రికా యుద్ధంలో బోయర్ల తరఫున బ్రిటన్ మీదే తుపాకీ పట్టిన ఆర్థర్ లించ్. ఓడింది ఐర్లాండ్‌లో కోఆపరేటివ్ పాల డైరీలకి ఆద్యుడైన హొరేస్ ప్లంకెట్. లించ్ అప్పుడు పారిస్‌లో ఉన్నాడు, ఇంగ్లండ్ రాగానే అరెస్టు, 1903లో రాజద్రోహం కింద ఉరిశిక్ష. అది యావజ్జీవంగా మారింది, ఏడాదికల్లా వదిలేశారు, 1909లో వెస్ట్ క్లేర్ నుంచి మళ్ళీ ఎంపీ కూడా అయ్యాడు.

మరి ఆ శిక్షతో ఖాళీ అయిన గాల్వేకి ఎవరొచ్చారంటే, చార్లెస్ డెవ్లిన్ అని, అంతకుముందు కెనడా పార్లమెంటులో ఎంపీగా చేసినాయన.