వేడెక్కితే కదలదు

(తెనాలిలో మా బాబాయి ఇల్లు. వసారాలో పాత స్కూటరు డొప్ప ఊడదీసి ఉంది. నేను లోపలి గదిలో పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. పేపరు చదివేంత తీరిక చెవులకు లేదు.)

బాబాయి: ఏమే, కాఫీ!

పిన్ని: వంటింట్లో ఉంది. వెళ్ళి తెచ్చుకోండి.

బాబాయి: చేతులనిండా గ్రీజు. కాస్త ఇక్కడికి అందించకూడదూ?

పిన్ని: నేను వేడెక్కి ఉన్నాను. కదలను.

బాబాయి: జ్వరమా?

పిన్ని: కంగారేం లేదు. అరగంట వదిలేస్తే తనే మామూలవుతుందని పొద్దున ఫోనులో ఎవరికో చెప్పారుగా. వదిలేయండి.

బాబాయి: నేను మాట్లాడింది మెకానిక్కుతో!

పిన్ని: అయ్యో రామా! ఇంటి గుట్టు మెకానిక్కుకు కూడా చెప్పారా?

బాబాయి: ఏం గుట్టు?

పిన్ని: "1986లో మామగారు ఇచ్చారు, అప్పట్లో పిలిస్తే పలికేది, ఇప్పుడు వేడెక్కిందంటే ఎంత బతిమాలినా ఉలకదు పలకదు, లోపల పాయింట్లన్నీ అరిగిపోయాయి" అన్నారా, లేదా?

బాబాయి: అన్నాను. స్కూటరు గురించి!

పిన్ని: మా నాన్న 1986లో మీకిచ్చినవి రెండు. ఏదో చెప్పకుండా మాట్లాడితే వినేవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

బాబాయి: నీకు పాయింట్లుంటాయా?

పిన్ని: మోకాళ్ళు అనుకున్నాను.

బాబాయి: పాయింట్లంటే ఇవి, ఇటు రా, చూడు. ఫ్లైవీలు తిరుగుతుంటే ఈ రెండూ కలుస్తాయి, విడిపోతాయి. విడిపోయిన క్షణంలోనే ప్లగ్గులో నిప్పురవ్వ పడుతుంది.

పిన్ని: విడిపోతే నిప్పు పుడుతుందా? మనకు కలిసి కూర్చుంటేనే పుడుతుంది.

బాబాయి: మధ్యలో సందు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకు తగ్గినా పెరిగినా...

పిన్ని: ఆ సందు కొలవడానికేనా బీరువా తెరిచారు?

బాబాయి: ఏదో కార్డు ముక్క...

పిన్ని: మన శుభలేఖ!

బాబాయి: మందం సరిగ్గా సరిపోయిందే! ఈ కాలం శుభలేఖలు అట్టల్లా ఉంటాయి, దూరవు. అయినా పసుపు పెట్టిన మూలలు ముట్టుకోలేదు.

పిన్ని: ఎంత భక్తి! ప్లగ్గు చూశారా?

బాబాయి: చూశాను. నల్లగా, జిడ్డుగా ఉంది.

పిన్ని: ఉండదా మరి! ఉప్మాలో చుక్క నూనె ఎక్కువైతే గుండె పట్టుకుంటారు. ఈ బండికి లీటరు పెట్రోలులో 20 మిల్లీలీటర్ల ఆయిలు కలిపితే చాలు, మీరేమో చేతి అంచనాతో అభిషేకం చేస్తారు. మన పొగ చూడగానే పక్కింటావిడ ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుంటుంది.

బాబాయి: ఈ లెక్కలు నీకెలా తెలుసు?

పిన్ని: పెట్రోలు బంకులో వెనక సీటు మీద కూర్చుని వినేది నేనే కదా.

బాబాయి: ప్లగ్గు మాత్రం కాదు. శుభ్రం చేసి, ఇంజనుకు ఆనించి కిక్కు కొడితే నీలంగా రవ్వ పడింది. వీధిలో తిప్పుకొచ్చి చూస్తే పచ్చగా, నీరసంగా పడింది. కాసేపటికి అదీ లేదు. ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ పోయింది. లోపలి తీగ వేడికి ఎక్కడో తెగుతుంది, చల్లారితే మళ్ళీ అతుక్కుంటుంది.

పిన్ని: చూశారా, మళ్ళీ నా మీదికే వచ్చారు!

బాబాయి: కాయిల్ మీదికి!

పిన్ని: తెగుతుంది, చల్లారితే అతుక్కుంటుంది! ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో నేను చేస్తున్నది ఇంకేమిటి? సరే, "పిల్లలు కొత్తది తెచ్చుకోమంటున్నారు" అన్నారు. అదీ కాయిలేనా?

బాబాయి: బండి. "నాకే మనసు ఒప్పడం లేదు, దీనికి అలవాటు పడ్డాను" అని కూడా అన్నాను. అది వినలేదా?

పిన్ని: అప్పుడు కుక్కరు కూసింది.

(ఆ పొద్దున ఇడ్లీలు. కుక్కరు కూసే పనే లేదు.)

బాబాయి: అసలు ఈ స్కూటరు...

పిన్ని: అలక పాన్పు మీద ముసుగు తన్ని మీరు సాధించుకున్నదే! జనం బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసే రోజుల్లో మా నాన్న తన వంతుకు వచ్చిన బండి మీకిచ్చేసి, తను సైకిలు తొక్కాడు.

బాబాయి: నేను అడిగింది వాచీ. "మా అమ్మాయికి బస్సు పడదు, వాంతులవుతాయి" అని ఆయనే తాళం నా చేతిలో పెట్టారు.

పిన్ని: ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?

బాబాయి: నువ్వు చల్లారాక చెబుదామని.

(బాబాయి గెలవడం నేను చూడటం ఇదే మొదలు. ఆ గెలుపు మీద ఆయన కాఫీ కూడా సాధించుకున్నాడు. గ్లాసు వసారాకు వచ్చింది, చక్కెర లేకుండా.)

పిన్ని: చల్లారిందా?

బాబాయి: కాఫీయా?

పిన్ని: స్కూటరు. వైకుంఠపురం గుడికి వెళ్ళాలి.

బాబాయి: కాయిల్ రేపు గానీ రాదు. ఇప్పుడు ఒక పావుగంట నడుస్తుంది. వెళ్ళడానికి చాలు.

పిన్ని: రావడానికి?

బాబాయి: అరగంట ఆగాలి.

పిన్ని: అయితే సహస్రనామార్చన చేయిస్తాను.

బాబాయి: అష్టోత్తరం చాలదా?

పిన్ని: అష్టోత్తరానికి నేను చల్లారతాను. మీ కాయిల్ చల్లారదు.