గాజు బీర్వకు ఉద్దెర తెల్వదు

మా కాలేజీకి వెండింగ్ మెషిన్ వచ్చింది. కాలేజీ పేరు రాయను. నల్లగొండ క్లాక్ టవర్ నుంచి బస్సులో ముప్పావు గంట అని మాత్రం చెప్పగలను. అక్కడే పాఠాలు చెప్పుకొని బతుకుతున్నాను కనుక ముందే ఒక మనవి: ఇందులోని అభిప్రాయాలు జీతం పడేదాకా నావి, పడ్డ రోజు నుంచి యాజమాన్యానివి.

యంత్రం రావడానికి కారణం పిల్లల ఆకలి కాదు, నాక్, అంటే కాలేజీలను తనిఖీ చేసి గ్రేడు వేసే సంస్థ. దాని బృందం అప్పట్లో కాలేజీని ఏడు ప్రమాణాల మీద తూసేది. ఐదోది విద్యార్థులకు అందుతున్న తోడ్పాటు. మా ఐదో ఫైలు మరీ బక్కగా ఉందని, దాన్ని ఎట్లా లావు చేయాలని నాలుగు మీటింగులు పెట్టుకున్నాం. లైబ్రరీకి పుస్తకాలు కొందామని ఒక సార్ అన్నాడు గానీ పుస్తకాలు ఫొటోలో వెలగవు. వెండింగ్ మెషిన్ వెలుగుతుంది. దాని కడుపులో లైటు ఉంటుంది. అట్లా నిర్ణయం జరిగిపోయింది. అదే ఊపులో క్యాంటీన్ గది ఖాళీ చేయించి, కొత్త వ్యాపారాలను పొదిగే చోటంటూ ఇంక్యుబేషన్ సెంటర్ అని బోర్డు పెట్టారు. ఆ సెంటర్‌లో ఇప్పటిదాకా పొదిగింది ఒక్క తాళమే.

యంత్రం దిగిన రోజు కొబ్బరికాయ కొట్టారు, పసుపు కుంకుమ పెట్టారు, జియోట్యాగ్ ఫొటో తీశారు. ఈ భూగోళం మీద ఫలానా అక్షాంశం ఫలానా రేఖాంశం దగ్గర ఒక విద్యార్థి చిప్స్ కొనుక్కునే అవకాశం ఉందని ఇప్పుడు సాక్ష్యం ఉంది. ఎవరి భక్తో గానీ బొట్టు సరిగ్గా మీటల్లో 5 అంకె మీద పడింది. ఇప్పటికీ పోలేదు. 5 కావాలన్నవాడు బొట్టునే నొక్కాలి, నొక్కి వేలు ప్యాంటుకు తుడుచుకోవాలి.

ఇంకొక చిన్న ఇబ్బంది వచ్చింది. మా బ్లాకులో పనిచేసే ప్లగ్గు ఒక్కటే, అదీ నోటీసు బోర్డు కింద. కాలేజీల్లో జంక్ ఫుడ్ అమ్మొద్దని యూజీసీ 2016లో ఒకసారి, వినలేదేమోనని 2018లో మళ్ళీ ఒకసారి ఉత్తరం రాసింది. మా ప్రిన్సిపాల్ గారు దాన్ని తెలుగు చేయించి, పెద్దక్షరాలతో ఆ బోర్డుకే అంటించారు. యంత్రాన్ని గోడకు ఆనించగానే ఉత్తరమంతా వెనక్కి పోయి పై వరుస ఒక్కటే మిగిలింది: ‘విద్యార్థుల ఆరోగ్యాన్ని దృష్టిలో ఉంచుకొని’. దాని కింద ఐదు వరుసల చిప్సు, క్రీము బిస్కెట్లు, నల్లటి డ్రింకులు. కొత్తగా వచ్చినవాళ్ళు అదంతా ఒకే వాక్యం అనుకుంటున్నారు. బత్తాయికి పేరుపడ్డ జిల్లా కదా, పండ్లరసం ఏదన్నా పెట్టండని అడిగాం. పెట్టారు. డబ్బా మీద నారింజ బొమ్మ ఉంది.

నేను పాతకాలపు మనిషినని, యంత్రమంటే పడదని నా మీద ఒక ప్రచారం నడుస్తోంది. అది అబద్ధం. ఈ యంత్రం వంశవృక్షం నాకు తెలిసినంతగా దాన్ని అమ్మిన ఏజెంటుకు కూడా తెలియదు. దాని మూలపురుషుడు మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న గ్రీకు పండితుడు. పేరు హీరో. నిజంగా అదే పేరు. గుడిలో తీర్థం ఇచ్చే యంత్రాన్ని ఆయన వర్ణించాడు: పైన సందులో నాణెం వేస్తే అది తక్కెడలాంటి కర్ర చివర పళ్ళెంలో పడుతుంది, ఆ బరువుకు కర్ర ఒరిగి మూత తెరుచుకుంటుంది, నాణెం జారిపోయేదాకా నీళ్ళు వస్తాయి, జారగానే ఆగిపోతాయి. పుణ్యానికి కొలత పెట్టడం అక్కడ మొదలైంది. 1880లలో లండన్‌లో పోస్టుకార్డులు, న్యూయార్క్ రైలు ప్లాట్‌ఫారాల మీద చూయింగ్ గమ్ము ఇట్లాగే అమ్మారు.

హీరో గారి తీర్థం మాట వింటే నల్లగొండ మనిషికి నవ్వొస్తుంది. బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకల్లోకి దిగిన జిల్లా ఇది. పటికా సున్నమూ వేసి ఆ ఫ్లోరైడ్‌ను విరిచే పద్ధతిని నాగపూర్ నీరి సంస్థ వాళ్ళు కనిపెట్టి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. రోగమూ మాదే, మందుకు పేరూ మాదే. ఆ తర్వాత ఊరూరా వాటర్ ప్లాంట్లు వచ్చాయి. అయిదు రూపాయల బిళ్ళ వేస్తే ఇరవై లీటర్ల క్యాను నిండుతుంది. అంటే మాకు వెండింగ్ మెషిన్ కొత్త కాదు, చిప్సు కన్నా ముందు నీళ్ళతోనే అలవాటు. అయితే మా వాటర్ ప్లాంటు దగ్గర హీరో గారికి తట్టని భాగం ఒకటుంది. పక్కన స్టూలు మీద ఒక పోరడు కూర్చుంటాడు. బిళ్ళ లేదంటే “రేపియ్యి కాకా” అని తాళంచెవి తిప్పి నీళ్ళు వదులుతాడు. రెండు వేల ఏండ్ల చరిత్రలో ఈ యంత్రానికి జరిగిన అసలైన అభివృద్ధి ఆ స్టూలు అని నా నిశ్చితాభిప్రాయం.

మా కాలేజీ యంత్రానికి స్టూలు లేదు.

దాని పనితనం చెప్తాను. గాజు వెనక ఇనుప తీగ చుట్టలు, చుట్ట సందుల్లో ప్యాకెట్లు. బీ4 నొక్కి స్కాన్ చేస్తే ఫోన్‌లో నుంచి 20 రూపాయలు పోతాయి. మోటారు చుట్టను ఒక్క తిప్పు తిప్పుతుంది, ముందున్న ప్యాకెట్ కింద పడాలి. పడిందో లేదో కనిపెట్టే కిరణం మంచి యంత్రాల్లో ఉంటుంది, పడకపోతే ఇంకో తిప్పు తిప్పుతుంది. మాకు వచ్చింది అంత ఆత్మసాక్షి ఉన్న రకం కాదు. రెండో వారంలో బీ4 లోని మసాలా చిప్స్ ప్యాకెట్ చెవి చుట్టకు తగులుకొని వేలాడింది. గాజుకు అవతల, ముక్కుకు జానెడు దూరంలో. ఏ కోణంలో చూసినా పడబోతున్నట్టే ఉంటుంది, పడదు. స్క్రీన్ మీద ధన్యవాదాలు అని వచ్చింది. ఫైనలియర్ పిల్ల ఒకతి దాన్ని కాసేపు చూసి, “మంజూరైంది సార్, విడుదల కాలేదు” అన్నది. ఆ అమ్మాయి స్కాలర్‌షిప్ కోసం రెండేండ్లుగా వెబ్‌సైట్ చూస్తోంది, ఆ భాష దానికి కంఠతా వచ్చు.

పిల్లలు యంత్రాన్ని ఊపబోయారు. అమెరికాలో ఇట్లా ఊపి, అది మీద పడి చచ్చిపోయినవాళ్ళు ఉన్నారని నేను ఆపాను. అప్పటి నుంచి కాపలాకు వాచ్‌మన్‌ను నిలబెట్టారు. మనిషి అక్కర్లేని యంత్రానికి ఇప్పుడు ఒక మనిషి. ఆయనకు పది గంటలకు ఆకలవుతుంది, లేచి గేటు బయట అవ్వ దగ్గరికి పోతాడు.

చిల్లర సంగతి కూడా చెప్పాలి. పది రూపాయల బిళ్ళ మా దగ్గర నడవదు. పద్నాలుగు రకాల బిళ్ళలూ చెల్లుతాయని 2018లో రిజర్వ్ బ్యాంకు చెప్పినా కిరాణా సేటు చెప్పలేదు కాబట్టి నడవదు. యంత్రం మాత్రం తీసుకుంది. జిల్లాలో పది రూపాయల బిళ్ళను గౌరవించిన ఏకైక పౌరుడు ఆ యంత్రమే. ఇండ్లల్లో పోపు డబ్బాల అడుగున పడి ఉన్నవన్నీ తెచ్చి వేశారు. మూడో రోజుకు గొంతు నిండి మింగడం మానేసింది.

కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు 1980ల మొదట్లోనే కూల్‌డ్రింక్ యంత్రాన్ని కంప్యూటర్ నెట్‌వర్క్‌కు కలిపారట. అంత దూరం నడిచిపోతే సీసా ఖాళీ అయ్యో, వెచ్చగానో ఉంటుందని, కూర్చున్న చోటి నుంచే చల్లబడిందా లేదా చూసుకునేవాళ్ళు. మేమూ తెలుసుకుంటాం. రెండో అంతస్తు నుంచి ఒకణ్ణి కిందికి పంపి కరెంటు ఉందేమో చూసి రమ్మంటాం.

గేటు బయట అవ్వ సంగతికి వస్తాను. ఆమెది ఒక గంప, ఒక గొడుగు, అడుగు సొట్టపోయిన ఒక స్టీలు గ్లాసు. శనిగ గుడాలు, బొబ్బెర గుడాలు, ఉడకబెట్టిన పల్లికాయ. గ్లాసు నింపి, పాత పరీక్ష పేపర్ల పొట్లంలో పోసి, ఉల్లిగడ్డ చల్లి నిమ్మకాయ పిండి, పోతూ పోతూ మూడు వేళ్ళతో పట్టినన్ని గుడాలు పైన వేస్తుంది. దాని పేరు కొసరు. ఏ కంపెనీ చుట్టకూ కొసరు తిప్పు తెలియదు.

“అవ్వా, పైసలు సోమారం ఇస్తనే.”

“ఏ సోమారం బిడ్డా? పోయిందా, వచ్చేదా?”

అడుగుతుంది గానీ పొట్లం అప్పటికే వాని చేతిలో ఉంటుంది. పుస్తకం లేదు, స్కానర్ లేదు. పిల్లల పేర్లు కూడా తెలియవు. లెక్కంతా బస్సుల మీద ఉంటుంది: దేవరకొండ బస్సు పిల్ల నలభై, మునుగోడు బస్సు ఎర్రసంచి పోరడు ముప్పై. ఆడపిల్లలు జీరో టికెట్ మీద వస్తారు, చేతిలో ఉండేదీ దాదాపు అంతే. ఇంట్ల పత్తి అమ్మినంక పైసలు. ఎరువుల షాపు వాడు ఆగుతాడు, ట్రాక్టర్ వాడు ఆగుతాడు, అవ్వ ఆగుతుంది. ఆగనిది బీ4 ఒక్కటే.

ఒకరోజు అవ్వ నన్ను అడిగింది. “సారూ, ఆ గాజు బీర్వల మనిషుంటడా?”

“లేడవ్వా.”

“మరి పిలగాండ్లు అంతసేపు ఎవల తిడుతున్రు?”

నాకు తోచలేదు. నా లెక్క ముప్పైకి చేరిందని గుర్తొచ్చి లోపలికి వచ్చేశాను.

అసలు దోషం యంత్రంలో లేదు, దాన్ని తెచ్చిపెట్టిన చోటులో ఉందని నా పరిశోధన. ఇది ఉద్దెర మీద నిలబడ్డ వ్యవస్థ. ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. పిల్లలు చదువుతారు, సర్కారు కడుతుంది. ఎప్పుడు కడుతుందన్నది సిలబస్‌లో లేదు. మంజూరైందని టోకెన్లు వస్తాయి, వాటి వెనక పైసలు నడుచుకుంటూ వస్తుంటాయి. బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా పెట్టాయి. సర్కారు కాలేజీకి బాకీ. అది చూపించి కాలేజీ నాకు మూడు నెలలు బాకీ. నేను అవ్వకు బాకీ. ఈ గొలుసులో రోజుది రోజు కట్టేది అవ్వ ఒక్కతే, శనిగలు పోసే సేటు ఆమెకు ఆగడు. ఇటువంటి పవిత్రమైన ఏర్పాటు మధ్యకు, ముందు పైసలు తర్వాత సరుకు అనే మొరటు వస్తువును తెచ్చి పెడితే సమాజం తట్టుకుంటుందా?

కనుక యంత్రాన్ని మన పద్ధతికి తేవాలని ఐదో ప్రమాణం కమిటీకి లిఖితపూర్వకంగా విన్నవించాను. బీ4 నొక్కిన విద్యార్థికి ముందుగా ఒక టోకెన్ రావాలి. ఆదాయం, కులం, బోనఫైడ్ సర్టిఫికెట్లు ఆ గాజు మీద స్కాన్ కావాలి. వేలిముద్ర పడాలి. చిప్సు వచ్చే ఆర్థిక సంవత్సరంలో మూడు విడతలుగా రాలాలి, మొదటి విడత ఉప్పు. కమిటీ దీన్ని శ్రద్ధగా పరిశీలించి, ఉప్పు ఖర్చు ఏ పద్దులో చూపాలని అడిగింది. సంతోషం.

ఈలోగా యంత్రం పూర్తిగా పడుకుంది. కంపెనీ మనిషి వస్తానన్నాడు. పాలమూరు పిల్లలమర్రి చెట్టుకు చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించి నిలబెట్టిన ప్రాంతం మాది, ఒక మోటారును బతికించలేమా అని ఫిజిక్స్ సార్ స్క్రూడ్రైవర్ పట్టుకొని పోయాడు. తలుపు ఊడొచ్చింది. మోటారు బతకలేదు.

తలుపు ఊడిందంటే దొంగల భయం కదా, ఎవరో ఒకరు చూసుకోవాలని క్యాంటీన్ అన్నను మళ్ళీ పిలిచారు. ఇప్పుడు ఆయన యంత్రం పక్కన స్టూలు వేసుకొని కూర్చుంటున్నాడు. పై వరుసల్లో సమోసాలు, కింద చాయ్ ఫ్లాస్కులు. బీ4 లోని చిప్స్ ప్యాకెట్‌ను చేత్తో తీసి ఆ ఫైనలియర్ పిల్లకు ఇచ్చాడు. ఖాళీ అయిన చుట్టలో ఉద్దెర పుస్తకం దోపాడు, తీగల మధ్య బాగా ఇమిడింది.

నిన్న నా లెక్క చూసుకుందామని ఆ పుస్తకం తీశాను. కొత్త పుస్తకమే, పాత బాకీలు ఎక్కించుకొని మొదలుపెట్టాడు. మొదటి పేజీ మొదటి పద్దు కాలేజీది: నాక్ టీమ్ వచ్చిన రోజు, 64 సమోసాలు, 40 చాయ్‌లు. కింద గీత కొట్టి లేదు. రెండో పేరు నాది.