ఆ గొట్టం ఎక్కడుందో తెలిసినవాడు కావాలి

గత నవంబరు నుంచి మా పడకగది పైకప్పు మూలన ఒక తడి మచ్చ ఉంది. మొదట రూపాయి బిళ్లంత ఉండేది, ఇప్పుడు విస్తరాకంత అయింది. తూర్పు లండన్‌లో ఒకప్పుడు కౌన్సిల్, అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వం, అద్దెకిచ్చిన ఫ్లాటు కొనుక్కుని ఉంటున్నాం. లోపలి గోడలు మావి. పైన డాబా కౌన్సిల్‌ది. డాబా బాగుచేసే కాంట్రాక్టు ఒక కంపెనీది. ఆ కంపెనీ పంపే మనిషి మరో చిన్న కంపెనీవాడు. తిలా పాపం తలా పిడికెడు.

ఇప్పటికి నలుగురు వచ్చి వెళ్లారు. మొదటివాడు ఫోటో తీసుకున్నాడు. రెండోవాడు తాను ప్లంబరునని, డాబా పని తనది కాదని చెప్పి వెళ్లిపోయాడు. మూడోవాడు శ్రద్ధగా మచ్చ మీద తెల్ల రంగు వేశాడు. నాలుగోవాడికి డాబా తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో తెలియలేదు. ప్రతిసారీ సాయంత్రానికల్లా ఫోనుకు సందేశం వచ్చేది: మీ పని పూర్తయింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?

ఆ నలుగురిని తిట్టి లాభం లేదు. చాలా కాంట్రాక్టుల్లో రేట్ల పట్టిక ఉంటుంది. ఒక్కో పనికి ఒక్కో కోడ్, ఒక్కో ధర. రంగు వేస్తే ఇంత, కుళాయి మారిస్తే ఇంత. నీరు ఎక్కడి నుంచి దిగుతోందో ఓపికగా వెతికేవాడికి ఆ పట్టికలో పెద్దగా గిట్టదు. కొన్నిచోట్ల దీనికి విరుగుడుగా ఇంటికి ఏడాదికి ఇంత అని ముందే మాట్లాడుకుంటారు. అప్పుడు ఎంత తక్కువ పని చేస్తే అంత మిగులు!

మొదటి నుంచీ ఇలా లేదు. లండన్ కౌంటీ కౌన్సిల్ 1890లలోనే సొంత పనివాళ్లతో నిర్మాణ విభాగం పెట్టుకుంది. ఆ తర్వాత ఎన్నో కౌన్సిళ్లకు సొంత మేస్త్రీలు, వడ్రంగులు, సామాను గోదాములు ఉండేవి. థాచర్ ప్రభుత్వం 1980లో చేసిన చట్టంతో ఆ విభాగాలు ప్రైవేటు కంపెనీలతో టెండర్లలో పోటీ పడక తప్పలేదు. 2000లో ఆ నిర్బంధం పోయింది కానీ అలవాటు పోలేదు. గోదాములు అమ్మేసిన కౌన్సిళ్లు ఇప్పుడు మళ్లీ సొంత విభాగం పెడదామంటే స్థలం దొరకదు, మనుషులు దొరకరు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

2010లో నార్విచ్ నగరం తన ఇళ్ల మరమ్మతులను కానాట్ అనే పెద్ద కంపెనీకి అప్పగించింది. కొద్ది నెలలకే, ఆ సెప్టెంబరులో, కంపెనీ కుప్పకూలింది. కంపెనీ పోయినా కారే కుళాయిలు ఎక్కడికీ పోవు కదా. లండన్‌లోని ఇజ్లింగ్టన్ కౌన్సిల్ 2014లో మరమ్మతులను తన చేతుల్లోకి తీసుకుంది.

మరమ్మతులు కౌన్సిలే సొంత మనుషులతో చేయించాలని మా తెలుగు వాట్సాప్ గ్రూపులో అంటే, ‘కౌన్సిల్ అంటే సర్కారీ ఆఫీసు, వాళ్లేం చేస్తారు’ అని ఎగతాళి చేశారు. అసలు మనలో సగం మంది ఈ దేశానికి వచ్చిందే ఔట్‌సోర్సింగ్ పుణ్యమా అని! అందుకే అడుగుతున్నాను. కాంట్రాక్టు చేతులు మారినప్పుడల్లా రెండు వారాల నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్‌లో, అంటే పాతవాళ్లు కొత్తవాళ్లకు పని అప్పగించడంలో, ఏమి చేతికి వస్తుందో మనకు తెలియనిదా? పాతవాళ్ల తలల్లో ఉన్నది వాళ్లతోనే వెళ్లిపోతుంది. మిగిలేది ఎవరూ తెరవని ఫైలు. భవనాలకూ అంతే.

సొంత విభాగం పెట్టగానే అన్నీ చక్కబడతాయని నేను అనను. సొంత మరమ్మతు విభాగం ఉన్న తూర్పు లండన్‌లోని న్యూహామ్ కౌన్సిల్‌కే 2024లో కౌన్సిళ్ల అద్దె ఇళ్లను పర్యవేక్షించే నియంత్రణ సంస్థ అన్నిటికన్నా అధమమైన సీ4 గ్రేడు ఇచ్చింది. పైగా పని చేతులు మారితే ఉద్యోగులు కూడా చట్టప్రకారం బదిలీ అవుతారు. ఆ మనుషులే చొక్కా రంగు మార్చుకుని వస్తారు. సామాను, శిక్షణ, కుర్ర అప్రెంటిస్‌లు, గట్టిగా అడిగే పైఅధికారి లేకపోతే మారేది వ్యాను మీద బొమ్మ ఒక్కటే. అయినా ఒక తేడా ఉంది. సొంత విభాగం బాగా చేయకపోతే నేను నా కౌన్సిలర్‌ను నిలదీయగలను. కాంట్రాక్టు కంపెనీ వాటాదారుణ్ని ఎక్కడని వెతకను?

రోచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లవాడు ఇంట్లోని బూజు వల్ల వచ్చిన శ్వాసకోశ జబ్బుతో చనిపోయాడు. అది హౌసింగ్ సంస్థ ఇల్లు. తల్లిదండ్రులు ఎంత మొత్తుకున్నా పట్టించుకోలేదు. ఆ బిడ్డ పేరుతో వచ్చిన నిబంధనలు 2025 అక్టోబరు 27 నుంచి అమలులో ఉన్నాయి. అత్యవసర ప్రమాదమైతే 24 గంటల్లో కదలాలి, ప్రమాదకరమైన చెమ్మ, బూజు అయితే 10 పనిదినాల్లో పరిశీలించాలి. సొంతదారులమైన మాకు అవి వర్తించవు, అద్దెదారులకే. ఇక్కడ చట్టం పట్టుకునేది అద్దెకు ఇచ్చిన సంస్థను, కాంట్రాక్టరును కాదు. పని బయటికి ఇవ్వవచ్చు, బాధ్యతను ఇవ్వలేరు. మరి బాధ్యత మోసేవాడి చేతిలో సుత్తి కూడా లేకపోతే ఎలా?

మా కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. 1970లలో అద్దెకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మచ్చ సంగతి చెబితే ఆవిడ నవ్వారు. వాననీటి గొట్టం ఈ భవనంలో బయట కాదు, గోడ లోపలి నుంచే దిగుతుందట. పావురాలు గూడు పెడితే అది మూసుకుపోయి, నీళ్లు మా మూలకు మళ్లుతాయట. కౌన్సిల్ ప్లంబరు ఒకాయన ఏటా శరత్కాలంలో వచ్చి దాన్ని శుభ్రం చేసి, ఆవిడ ఇంట్లో టీ తాగి వెళ్లేవాడట. ఈ సంగతి మూడోవాడికి ఆవిడే చెప్పారు. అతను విన్నాడు, తలూపాడు, రంగు వేశాడు. అతని కోడ్ రంగుది.

నిన్న ఆవిడతో ఆ గొట్టం దారిని కాగితం మీద గీయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఐదోవాడు గురువారం వస్తాడట, ఉదయం ఎనిమిదికీ సాయంత్రం ఆరుకూ మధ్య.