చుక్కకు ఎన్ని కొలువులు?

దశాంశాలు మొదలుపెట్టగానే ఐదో తరగతి పిల్లల మీద ఏటా ఒకటే అభియోగం: 2.5, 2.20లో ఏది పెద్దదంటే జంకు లేకుండా 2.20 అంటారు. నేరం కళ్లెదుటే ఉంది, ఎర్ర సిరా సిద్ధంగా ఉంది. అయినా నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఈ కేసు తేల్చాలంటే ముందు సాక్షులను పిలవాలి.

మొదటి సాక్షి పట్టాదారు పాస్‌బుక్. అందులో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. నలభై గుంటలకు ఎకరం గనుక రెండున్నర ఎకరాలన్నమాట. అన్నకు 1.25, తమ్ముడికి 1.25 ఉంటే ఇద్దరిదీ కలిపి 3.10. బడిలో మాత్రం 2.50. బడి లెక్క నమ్మి రెండున్నర ఎకరాలనుకుంటే ముప్పై గుంటలు గాయబ్! రెండో సాక్షి క్రికెట్. 9.5 ఓవర్ల తర్వాత ఒక్క బంతి పడితే 10. అక్కడ 9.6 అనేదే పుట్టదు. ఇంట్లో, టీవీలో చుక్క రెండు వేర్వేరు లెక్కలను విడదీసే గోడ. 0.9 తర్వాత 0.10 వస్తుందని రాసే పిల్ల ఆ గోడనే నమ్ముకుంది.

దీనికి బడి కనిపెట్టిన మందులు ఘనమైనవి. మొదటిది, 0.25ను 'సున్నా పాయింట్ ఇరవై ఐదు' అని చదివించడం. ఇరవై ఐదు అని మనమే నేర్పి, 0.5లోని ఐదు కన్నా పెద్దదన్నాడని మనమే కొట్టేస్తాం. రెండోది, 'అంకెలు ఎక్కువుంటే చిన్నది' అనే చిట్కా. ఆ పూటకు గండం గడుస్తుంది, మర్నాడు 0.45 కన్నా 0.3 పెద్దదవుతుంది. మూడోది, 0.5కు సున్నా చేర్చి 0.50, 0.25 అని అంకెల సంఖ్య సమానం చేయడం. ఇది అన్నింటికన్నా ప్రమాదం, ఎందుకంటే జవాబు సరిగ్గా వస్తుంది. పిల్లవాడు పోల్చింది యాభైని, ఇరవై ఐదునే. వాడికి ఏమీ అర్థం కాలేదని కనిపెట్టే దారి కూడా మూసుకుపోతుంది.

అసలు రంగు కూడికలో బయటపడుతుంది. 3.4 కింద 2.15ను కుడి అంచుకు జరిపి రాస్తే జవాబు 2.49. కలిపితే ఉన్నది కూడా తగ్గింది. చుక్క కింద చుక్క రాయమంటే సరిపోయేది. పదితో గుణించమంటే చివర సున్నా తగిలించి 2.5ను 2.50 చేస్తారు. పదింతలు చేసినా పైసా పెరగని ఆస్తి ఇదొక్కటే.

వైద్యానికి ఖర్చు గళ్ల నోటుబుక్కులో ఒక కాగితం. పది గళ్లు వెడల్పు, పది గళ్లు పొడవు గీసి, ఆ మొత్తం చతురస్రమే 'ఒకటి' అని ఒప్పించాలి. ఈ మెట్టు దాటేస్తే తర్వాతిదంతా వృథా. ఒక నిలువు వరుస పదో వంతు, ఒక గడి నూరో వంతు. 0.5కు ఐదు వరుసలు, 0.25కు రెండు వరుసలూ ఐదు గళ్లూ, 0.05కు ఐదు గళ్లే రంగు వేయించాలి. మూడూ పక్కపక్కన పెట్టాక ఏది పెద్దదో సారు చెప్పక్కర్లేదు. ఊళ్లో చుక్క బడి మాట వినే చోటు పాలకేంద్రం. ఫ్యాట్ (వెన్న శాతం) 6.5 పడ్డ బర్రె పాలకు 6.25 కన్నా ఎక్కువ రేటని అమ్మకు తెలుసు, ఆమెనే సాక్షిగా పిలవొచ్చు.

చివరగా ఒక్క ప్రశ్న: 0.3కూ 0.4కూ మధ్య ఏముంది? 'ఏం లేదు సార్' అంటే సిలబస్ పూర్తయిందని రిజిస్టర్‌లో రాసుకోవచ్చు, పాఠం మాత్రం మళ్లీ మొదటి గడి నుంచే.