పురుగు చల్లగుండాలి

వ్యవసాయ కీటకశాస్త్రంలో ఎమ్మెస్సీ చేరబోయే చిరంజీవులకు మొదటి హితవు: పురుగును ఎంచుకునేటప్పుడు సంబంధం చూసినట్టు చూడండి. ముప్పై ఏళ్ల కాపురం మరి. ఒక్క స్ప్రేకే చచ్చే అర్భకపు పురుగును నమ్ముకుంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గరే ఆగిపోతారు. సంతానం దండిగా ఉండాలి, మందులకు లొంగకూడదు, వీలైతే విదేశాల నుంచి దిగి ఉండాలి.

ఆ లెక్కన 2018 మే శుభముహూర్తం. అమెరికా ఖండాల కత్తెర పురుగు కర్ణాటకలో, శివమొగ్గ మొక్కజొన్నలో దొరికింది. తలమీద తిరగేసిన ఇంగ్లీషు వై అక్షరం, తోక దగ్గర చదరంగా నాలుగు నల్లచుక్కలు. ఇంత స్పష్టంగా గుర్తింపు కార్డు మెళ్లో వేసుకొచ్చే పురుగు ఎక్కడ దొరుకుతుంది? దానికి రాష్ట్ర సరిహద్దులు తెలియవు. జర్నళ్లకు తెలుసు. ఫలానా రాష్ట్రంలో తొలిసారి, ఫలానా జిల్లాలో తొలిసారి, ఫలానా పంటపై తొలిసారి... పురుగు పాకిన కొద్దీ బయోడేటా కూడా పాకుతుంది.

ఇక ప్రయోగం. 8 ట్రీట్‌మెంట్లు (పోల్చి చూసే పద్ధతులు), 3 రెప్లికేషన్లు (ఒక్కోదాన్ని మూడేసి మడుల్లో చేయడం), వెరసి 24 మడులు. అందులో ఐదారు కొత్త మందులు, ఒకటి 5 శాతం వేపగింజల కషాయం, చివరిది పోలిక కోసం మందు కొట్టని మడి, అదే కంట్రోల్. కషాయాన్ని గెలవడానికి పెట్టరు. పేపరు చివర ‘పర్యావరణహితం’ అన్న మాట రాసుకోవడానికి పెడతారు.

స్ప్రేకి ముందురోజు ఒక లెక్క, తర్వాత 1, 3, 7, 10 రోజులకు లెక్క, మడికి 5 మొక్కలు. మిరపలో పాత తామర పురుగుతో ఇబ్బంది లేదు. ఆకు పడవలా పైకి ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగు. కిందికి తిరగబడితే కింది ముడత, అది నల్లి. కానీ 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ తోటల మీద పడిన నల్ల తామర పురుగు పూలలో దూరి కూర్చుంది. పూత రాలిపోయింది, కాయ నిలవలేదు. దాన్ని లెక్కించాలంటే పువ్వును తెల్లకాగితం మీద దులపాలి. పడీపడగానే రెక్కలొచ్చినవి లేచిపోతాయి, మిగిలినవి కాగితం అంచు దాటి పరుగెడతాయి. ఉన్నవి పదిహేనా ఇరవయ్యా అన్నది ఎండలో భూతద్దం పట్టుకున్న విద్యార్థి మనస్సాక్షికి వదిలేయాలి.

ఆందోళన వద్దు, గణాంకశాస్త్రం ఉంది. వచ్చిన అంకెకు 0.5 కలిపి వర్గమూలం తీస్తారు. 15 పురుగులు 3.94 అవుతాయి, 20 పురుగులు 4.53 అవుతాయి. ఇంత వేగంగా పురుగుల్ని తగ్గించే మందు ఇంకా దుకాణాల్లోకి రాలేదు.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఆ ఏడాది పురుగే రాకపోతే? రైతుకు పండగ, విద్యార్థికి సూతకం. వరిలో సుడిదోమ అయితే ఉపాయముంది. యూరియా దండిగా వేయండి. కాలిబాటలు తీయకుండా ఒత్తుగా నాటండి. నీళ్లు తీయకుండా నిలగట్టండి. అప్పటికీ రాకపోతే సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు ఒకటి కొట్టండి. దోమను తినే సాలీళ్లు, మిరిడ్ అనే మిత్ర పురుగులు ముందు చస్తాయి, మిగిలిన దోమ మరింత ఉత్సాహంగా పిల్లల్ని పెడుతుంది, పైరు సుడులు సుడులుగా ఎండుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఈ సంగతి ఎప్పుడో తేల్చింది. మన పల్లెల్లో ఇదే ప్రయోగాన్ని ఏ గ్రాంటూ లేకుండా, సొంత పెట్టుబడితో చేస్తున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు పేపర్లో కనీసం కృతజ్ఞతలైనా చెప్పరు. అదొక్కటే అన్యాయం.

పదోన్నతికి నాస్ స్కోరు కావాలి, అంటే జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ ఒక్కో జర్నల్‌కు వేసే మార్కు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్‌లోని పేపర్లను ఇతరులు ఎంతగా ఉటంకిస్తారో చెప్పే అంకె) లేని జర్నల్‌కు 6 దాటదు, ఉన్నదానికి 20 దాకా వెళ్లొచ్చు. రైతు చదవగలిగే తెలుగు కరపత్రానికి మాత్రం ఏ స్కోరూ లేదు. కాబట్టి ‘లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు 8 చొప్పున రెక్కల పురుగులు పడితేనే, లేదా పదింట ఒకటి గుడ్డి పువ్వు (పురుగు పట్టి రేకలు విచ్చుకోనిది) కనిపిస్తేనే గులాబీ రంగు పురుగుకు మందు కొట్టండి’ అన్న మాట రైతుకు చేరేలోగా మందుల కొట్టులో బిల్లు అయిపోతుంది.

అదే గులాబీ పురుగుకు ఇంకో విరుగుడుంది. డిసెంబరుకల్లా పత్తి తీసేసి, కట్టె పీకి, పొలం ఖాళీ చేయడం. పత్తి తప్ప దానికి చెప్పుకోదగ్గ తిండి లేదు కాబట్టి జీవితచక్రం తెగుతుంది. ఖర్చు కూలి డబ్బులు. అయితే ఒక్కడు పీకితే లాభం లేదు, ఊరంతా పీకాలి. అంటే ట్రీట్‌మెంటుకు ఒక ఊరు, రెప్లికేషన్లకు ఇంకో రెండూళ్లు, పురుగు తినిపోయినా ఫర్వాలేదని సంతకం పెట్టే కంట్రోల్ ఊరు మరొకటి. రెండేళ్ల ఎమ్మెస్సీలో ఇదంతా ఎక్కడ పడుతుంది? విద్యార్థికి ఏదైనా కొత్త మందు ఇప్పించండి.