అడ్మిట్ వచ్చాక కూడా అన్ని ఇంటర్వ్యూలకూ కూర్చోవాలా?

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం నాలుగోసారి. రాజోలు నుంచి మా పిన్ని పంపింది, భీమవరంలో నాతో చదివిన ఇద్దరు పంపారు, నిన్న రాత్రి కాకినాడ నుంచి మా బావ కూడా పంపాడు. అందులో ఉన్నది ఇదీ: అమెరికాలో పీహెచ్‌డీకి ఒక అడ్మిట్ వచ్చినా, అంటే ఒక చోట సీటు ఇస్తామన్నా, మిగతా యూనివర్సిటీల ఇంటర్వ్యూలు ఒక్కటీ వదలొద్దు. ఆఫర్లు ఎన్ని ఉంటే అంత బేరం ఆడొచ్చు. రానని మెయిల్ పెడితే పేరు బ్లాక్‌లిస్టులో పడి అన్ని యూనివర్సిటీలకూ తెలిసిపోతుంది, కాబట్టి కుదరకపోతే జవాబివ్వకుండా ఊరుకోండి. నీలం చొక్కా వేసుకుంటే కలిసొస్తుంది.

చొక్కా సంగతి వదిలేద్దాం.

బేరం మాట. మా బయాలజీ వైపు ఒక ప్రోగ్రామ్‌లో చేరినవాళ్ళందరికీ స్టైపెండ్ దాదాపు ఒకటే ఉంటుంది. చెరువు గట్టు మీద రొయ్య కౌంటు చూసి రేటు మాట్లాడుకున్నట్టు ఇక్కడ కుదరదు. ఎక్కడైనా చిన్న ఫెలోషిప్ అదనంగా ఇస్తే ఇవ్వొచ్చు. దానికి రెండో ఆఫర్ చాలు, ఏడు అక్కర్లేదు.

అసలు కోపం బ్లాక్‌లిస్టు మాట మీద. ఈ మాట రాసినవాళ్ళు ఒక్క ఇంటర్వ్యూ రోజైనా దగ్గరనుంచి చూశారా? నేను అమెరికాలో చదివినప్పుడు రెండేళ్ళు మా డిపార్ట్‌మెంట్ ఇంటర్వ్యూలకు సాయం చేశాను. ఒక్కో అభ్యర్థితో నలుగురైదుగురు ప్రొఫెసర్లు అరగంట చొప్పున మాట్లాడతారు. ముందు రోజే అప్లికేషన్ చదువుకుని వస్తారు. రానని రెండు వారాల ముందు మెయిల్ పెట్టినవాళ్ళకు కోఆర్డినేటర్ "థాంక్యూ, ఆల్ ద బెస్ట్" అని రాసి, ఆ చోటు వెయిట్‌లిస్టులో ఉన్నవాళ్ళకు ఇచ్చేవారు. అక్కడితో అయిపోయేది. చాలా పోర్టళ్ళలో అప్లికేషన్ వెనక్కి తీసుకునే వీలు వాళ్ళే పెడతారు. అది తప్పయితే ఆ వీలు ఎందుకు పెడతారు?

చెప్పకుండా మానేసినవాళ్ళు మాత్రం గుర్తుండిపోయేవారు. ఖాళీ స్క్రీన్ ముందు ఇరవై నిమిషాలు కూర్చున్న ప్రొఫెసర్ ఆ పేరు మరిచిపోరు. ఒకే సబ్జెక్టు వాళ్ళు, కాన్ఫరెన్సుల్లో ఏటా కలుస్తూనే ఉంటారు. అంటే ఏ భయం చూపించి ఈ మెసేజ్ పిల్లల్ని నోరు మూసుకోమంటోందో, ఆ చెడ్డపేరు వచ్చేదే అలా నోరు మూసుకోవడం వల్ల. పైగా ఆ అరగంట వృథా. దాని కోసం ఎదురుచూస్తున్న పిల్ల తునిలోనో తణుకులోనో ఉండి ఉండొచ్చు. ఇది ఫార్వర్డ్ చేసేముందు ఆ పిల్ల గురించి ఒక్క క్షణం ఆలోచించండి.

రాయాల్సింది నాలుగు ముక్కలు: పిలిచినందుకు కృతజ్ఞతలు, వేరే చోట చేరే ఉద్దేశంలో ఉన్నాను, అప్లికేషన్ వెనక్కి తీసుకుంటున్నాను, ఈ సమయం ఇంకొకరికి ఇవ్వండి. ఏ యూనివర్సిటీలో చేరుతున్నారో చెప్పనక్కర్లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. తొందరపడి అన్నీ మానుకోవద్దు అనడం వరకు ఆ మెసేజ్ సరైనదే. నాకు మొదటి అడ్మిట్ వచ్చాక మూడు ఇంటర్వ్యూలు మిగిలాయి. రెండు మానుకుని, మూడోదానికి అయిష్టంగానే కూర్చున్నాను. నా గైడు దొరికింది అక్కడే. మొదటి చోట నేను ఎవరి కోసం అప్లై చేశానో ఆ ప్రొఫెసర్ ఆ ఏడాది విద్యార్థుల్ని తీసుకోవడం లేదని తర్వాత తెలిసింది. అందుకే ఫండింగ్ ఎన్నేళ్ళు, ట్యూషన్ ఎవరు కడతారు అన్నది ఆఫర్ లెటర్‌లో చూసేదాకా ఏదీ వదలకండి. ఫండింగ్ ఆఫర్లకు ఏప్రిల్ 15 దాకా జవాబివ్వనక్కర్లేదని అక్కడి యూనివర్సిటీల సంఘమైన కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం ఉంది. దానికి ఒప్పుకున్న యూనివర్సిటీల్లో మీకు అంత సమయం ఉంటుంది.

మా పిన్ని కూతురికి అడ్మిట్ వచ్చింది, లెటర్ చేతికొచ్చింది, నచ్చిన ల్యాబూ ఉంది. అయినా ఈ మెసేజ్ చూసి ఇంకా మూడింటికి తయారవుతోంది. అక్కడ మధ్యాహ్నం మూడంటే ఇక్కడ అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. ఒక్కోదానికి నలుగురు ప్రొఫెసర్ల పేపర్లు చదవాలి. అంతర్వేది తీర్థానికి ఇంటిల్లిపాదీ వెళితే అదొక్కతే గదిలో ఉండిపోయింది.

నిన్న ఫోన్ చేసి అడిగాను. "ఈ మూడింటిలో ఎక్కడ సీటిచ్చినా చేతిలో ఉన్నది వదిలేసి వెళ్తావా?"

కాసేపు ఆలోచించి, "ఒకదానికి వెళ్తానేమో అక్కా" అంది.

ఆ ఒక్కదానికే చదువుకోమని, మిగతా రెండింటికీ ఈ రాత్రే మెయిల్ పెట్టమని చెప్పాను.